తడి గోనెసంచి కింద మొక్కు పుంజు

తంగళ్ళపల్లి,
4-12-1988.

చెల్లె లసుమవ్వకు అన్న చంద్రమౌళి రాస్తున్న.

నీ కాడి నుంచి తెచ్చిన సుట్టం మంచిగ చేరిండు. కథలాపూర్‌ల బస్సెక్కినప్పటి సంది సిరిసిల్లల దిగేదాక నా ఒళ్ళె కూసున్నడు. పక్క సీటామెను రెండుసార్లు పొడిచిండు. ఆమెకు నేను దండం పెట్టిన, వాడు పెట్టలే. ఇంటికి వచ్చినంక మీ వదినె శంకరవ్వ వాన్ని చూసి, "నీ కంటె గీడే సక్కగున్నడు గదయ్యా" అన్నది. నిజమే. ఒంటి నిండ ఎర్ర ఈకలు, నెత్తి మీద మందార పువ్వసొంటి జుట్టు. ఆ జుట్టుకు ఐదు కొసలు, ఒక్కటి వంకర లేదు.

నీ మాట నాకు యాదికున్నది. నీ కొడుకు పరశురాములు జైలు నుంచి ఇల్లు చేరిన వారమే పోచమ్మకు ఈ పుంజు. అందాక ఈక ఊడొద్దు, గోరు విరుగొద్దు, ఎక్కడా మచ్చ పడొద్దు. మచ్చ పడ్డది అమ్మకు ఇయ్యరు. మీ ఊర్లె పగటి పూట జీపుల వచ్చే సార్లకు, చీకటైతె అడివి నుంచి వచ్చే అన్నలకు కోసిపెట్టి కోసిపెట్టి, పొద్దుగాల కూసెటందుకు ఒక్క కోడి మిగల్లేదన్నవు. మా ఇంటి దిక్కు ఆ రెండు తీర్ల సుట్టాలు ఇంక రాలేదు. వచ్చినా వీన్ని చూపియ్య.

ఈ ఉత్తరం మధ్యల విప్పి చదివే సార్లు ఎవలన్న ఉంటె వాళ్ళకు గూడ నమస్తె. అయ్యా, ఇది నిజంగ కోడి సంగతే. కోడి అంటె రెండు కాళ్ళది, రెక్కలున్నది. ఇంకెవలూ కాదు.

మేనల్లుని గురించి ఒక్కటే మాట. కోరుట్లల గోడ మీద కాగితం అంటిచ్చింది ఎవడో, సైకిల్ షాపుల పంచర్లు వేసుకునేటోన్ని తీస్కపోయిండ్రు. జామీను వస్తదని వకీలు అన్నడు. వచ్చినంక వాన్ని పది రోజులు గూడ ఊర్లె ఉంచకు. బొంబాయి పక్క భీవండిల మా బిడ్డ నీల, దాని మొగడు ఉన్నరు. అక్కడ మగ్గాలున్నయి, పని ఉన్నది, వాని పేరు తెలిసినోడు లేడు. ఒకసారి కాగితం మీదికి ఎక్కిన పేరును మళ్ళ మళ్ళ పిలుస్తరు చెల్లె.

ఇంతే సంగతులు. పుంజు నిన్ను అడిగిండు.

నీ అన్న.


కథలాపూర్,
19-12-1988.

అన్నకు, వదినెకు లసుమవ్వ దండాలు.

నీ ఉత్తరం ముట్టింది. మొన్న కరీంనగర్ పోయి వాన్ని చూసి వచ్చిన. చిక్కిపోయిండు. జాలి తడకకు అవతల నిలవడి, "అమ్మా, చలి పెడుతుంది, రగ్గు తేలేదా" అన్నడు. తేలేదు అన్న. ఆ ఒక్క మాటకే సిగ్గుతోటి సచ్చిన. బీడీల ఆకు కత్తిరిచ్చుకుంట కూసున్నా గదే మాట చెవుల పడుతుంది.

చలి ఈసారి మా దిక్కు ఎన్నడు లేనంత ఉన్నది. పుంజు పైలం. నా పిచ్చి అనుకో, ఏమన్న అనుకో. ఆ పుంజు ఎట్లుంటె నా కొడుకు గట్లుంటడని నా మనసుల పడ్డది. రాత్రి కండ్లు మూస్తె ఒకసారి వాడు కనవడుతడు, ఒకసారి పుంజు కనవడుతది. దాన్ని చలిల పెట్టకు. వాడు ఎట్లున్నడో నాకు తెల్వదు, గదన్న వెచ్చగ ఉన్నదని నువ్వు రాస్తె నాకు అన్నం దిగుతది.

భీవండి మాట ముందుగాల వాన్ని రానియ్యి, అటెంక చూద్దాం. వాని నాయిన పోయిన సంది ఆ ఇంట్ల నాకు ఉన్నది వాడొక్కడే. దూరం పంపుడు నీకు అల్కగ వస్తది. నువ్వు నా పుంజు బరువు పంచుకుంటవు గాని వాడు లేని నా ఇంటి బరువు పంచుకోవు.

వదినెకు జొన్న గట్క మా ఇంటి తీరు చేసుకొమ్మను.

చెల్లె లసుమవ్వ.


తంగళ్ళపల్లి,
6-1-1989.

చెల్లెకు,

మేం బాగున్నం. పుంజు బాగున్నడు. మీ వదినె బాగున్నది. పుంజు ఇంక బాగున్నడు.

బయట చలి అని నువ్వు రాసిన ఉత్తరం ముట్టిన రోజే వాన్ని లోపటికి తెచ్చి, మగ్గం అర్రల గంప కింద పెట్టిన. నా పక్కనే. నేను నేస్తుంటె వాడు చూస్తడు. పోగు తెగినప్పుడల్లా కొక్కొక్కో అంటడు. నలభై ఏండ్ల నా పనితనం మీద ఎవలూ గిట్ల నవ్వలేదు.

కూత బాగున్నది. మేత బాగున్నది. జుట్టు గూడ బాగున్నది. నువ్వు జుట్టు సంగతి అడుగలేదు, ఒకవేళ అడిగితె అని రాసిన.

మొన్న మామూలు బట్టలేసుకొని ఒక పోలీసాయన ఇంటికి వచ్చిండు. "ఉత్తరాలల్ల కోడి కోడి అని రాస్తున్నవట, ఎవడా కోడి?" అన్నడు. గంప లేపి చూపిచ్చిన. ఆయన పుంజును చూసిండు, పుంజు ఆయనను చూసిండు. ఆయన కూసుండి చాయ తాగి, కోళ్ళ గురించి ఒక మాట చెప్పి పోయిండు. పెద్ద సంగతేం కాదు. మంచోడే.

నీల ఉత్తరం రాసింది. పరశురాములుకు మగ్గం కాడ జాగ మాట్లాడి పెట్టిండ్రట. నువ్వు ఊ అంటె చాలు.

మీ ఊరి దిక్కు మొక్కుకు పుంజు జుట్టు మరీ దగ్గర నుంచి చూస్తరా? ఉత్తగనే అడిగిన.

అన్న.


కథలాపూర్,
21-1-1989.

అన్నా,

జామీను అయింది! మంగళవారం ఇంటికి తెస్తున్న. 29 తారీకు ఆదివారం పోచమ్మ కాడ మొక్కు. నువ్వు, వదినె పొద్దుగాల మొదటి బస్సుకే రాండ్రి, పుంజును తేండ్రి. నీ ఉత్తరాలు చదివి చదివి నాకు ధైర్యం వచ్చింది. పుంజు మంచిగున్నదని రాసినవు, నా కొడుకు మంచిగ వస్తుండు. నేను అనుకున్నది అబద్ధం కాలే.

జుట్టు ఎందుకు చూడరు? పూజ చేసే లింగన్న తాత గోరు సంది తోక దాక చూస్తడు. నీకు భయమెందుకు, నీ చేతిల పెరిగింది.

లసుమవ్వ.


కథలాపూర్,
2-2-1989.

అన్నా,

నీకు ఎంత కోపం వచ్చిందో నాకు ఎర్కయింది. మొక్కు కాంగనే వదినె చెయ్యి పట్టుకొని, "బస్సున్నది, బస్సున్నది" అనుకుంట తల వంచుకొని పోతివి. బువ్వ తినలే, మేనల్లునితోటి మాట్లాడలే. పుంజును కొయ్యలే గనుక మేనమామకు ఇయ్యాల్సిన తొడ దక్కలేదని అలిగినవు అని అందరన్నరు. నేను సిగ్గుపడ్డ. ఇంకో కోడిని కోసి పంపుత, అలుగకు.

ఆనాడు నువ్వు తల వంచుకునే ఉంటివి, ఏమైందో మళ్ళ విను. నీకు తెలిసింది సగమే. లింగన్న తాత పసుపు నీళ్ళు చెంబెడు పుంజు నెత్తి మీద పోసిండు గద. ఒళ్ళు దులిపితె అమ్మ ఒప్పుకున్నట్టు. దులిపింది! దులిపితె నీళ్ళతోటి ఎర్రగ నెత్తురు కారె, మెడ పొంటి కారె, నా చీర కొంగు మీద, పరశురాములు అంగి మీద పడె. కత్తి ఇంక ముట్టనే లేదు. లింగన్న తాత కత్తి కింద పెట్టి, "అమ్మ తానే ముట్టింది, ఇగ మనిషి కత్తి పెట్టొద్దు" అన్నడు. ఆడోళ్ళందరు గొల్లుమన్నరు. అమ్మ పూనే శివసత్తు సరోజన ఊగుకుంట, "బిడ్డ మీదికి వచ్చేది పుంజు మీదికి పోయింది" అని చెప్పింది.

పుంజును ఇడిచిపెట్టినం. ఇప్పుడది వాడకట్టంత తిరుగుతుంది. మునుపు కోడి కనవడితె గుంజుకపోయేటోళ్ళు గూడ పక్కకు జరిగి తొవ్వ ఇస్తుండ్రు.

గందుకే, భీవండి అక్కర లేదు. అమ్మనే వాన్ని కాపాడే జిమ్మ తీసుకున్నంక నేను పంపితె అమ్మను నమ్మనట్టు. వాడు ఇంట్లనే ఉంటడు. షాపుకు గూడ పోతుండు. నీలకు రాయి.

కోపం ఇడువు.

చెల్లె.


తంగళ్ళపల్లి,
6-2-1989.

చెల్లె లసుమవ్వకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపిన. మీ వదినె, "గా కాగితాలతోటి పొయ్యి అంటుకుంటుంది, రాయి రాయి" అంటుంది. ఈసారి పోస్టుల వేస్త.

నాకు కోపం లేదు. తొడ మీద ఆశ లేదు. సిగ్గు చెల్లె. బస్సుల కూసుండి కిటికీ దిక్కు మొకం పెట్టిన, సిరిసిల్ల దాక ఇటు తిప్పలే.

అది నెత్తురు కాదు, రంగు. తువ్వాల అంచుకు వాడే ఎర్ర రంగు. నేను వేసిన.

మొదటి సంది చెప్త. చలికాలం గాలికి నూలు ఎండి పోగులు టపటప తెగుతయి. గందుకని మగ్గం అర్రల నేల మీద నీళ్ళు చల్లుత, కిటికీకి తడి గోనెసంచి కడుత. మన నాయిన అట్లనే చేసిండు, నేను అట్లనే చేస్త. పుంజు వెచ్చగ ఉండాలని వాన్ని తెచ్చి ఆ అర్రలనే, వెలుతురు ఉంటదని ఆ కిటికీ కిందనే గంపేసి పెట్టిన. నూలుకు మంచిది కోడికి గూడ మంచిదే అనుకున్న. గోనెసంచి నుంచి చుక్క చుక్క వాని నెత్తి మీద పడుతుంటె, కిటికీ సందులకెళ్ళి చలిగాలి కొడుతుంటె, నేను పోగు తెగుతలేదని సంబరపడుకుంట నేసిన.

ఒకనాడు పొద్దుగాల గంప లేపితె జుట్టు తెల్లబడి ఉన్నది. రెండు రోజులకు మూడు కొసలు నల్లగ, కాలిన వత్తుల తీరుగ అయినయి. నేను భయపడి పొయ్యి కాడికి తీస్కపోయి కాపిన, తువ్వాలతోటి రుద్దిన. వాడు ఒర్లిండు, ఇంక ఉబ్బింది.

అప్పుడే ఆ పోలీసాయన వచ్చిండు. గంప లేపంగనే, "ఏమయ్యా, దీనికి చలి కొట్టింది గదా" అన్నడు. వాళ్ళింట్ల గూడ కోళ్ళు పెంచుతరట. "వట్టి చలికి ఇది ఆగుతది. తడి జుట్టు మీద చలి పడితె నెత్తురు కొసల దాక పోదు, కొసలు చస్తయి. రుద్దకు, పొయ్యి కాడ పెట్టకు. తడి లేని జాగల గడ్డేసి, పైన గాలి ఆడేటట్టు పెట్టు. కొబ్బరినూనె పల్సగ రాయి. నల్లటివి గోకకు, అవే రాలుతయి" అన్నడు. ఆయనకు చూపిచ్చినంత నిజం నీకు రాయలేకపోయిన. మనింటి సంగతి పట్టుకునెటందుకు వచ్చినాయనకు తెలిసె, నా చెల్లెకు తెల్వకపాయె.

ఆయన చెప్పినట్టే చేసిన, వాడు కోలుకున్నడు. కాని నల్ల కొసలు రాలలే. "పుంజు ఎట్లుంటె నా కొడుకు గట్లుంటడు" అని నువ్వు రాసినవు. ఆ ఉత్తరం చేతిల పట్టుకొని నల్లబడ్డదని ఎట్ల రాయాలె? వేరే పుంజును తెద్దామంటె, గుడ్డుల నుంచి పెంచినదానివి, దూరం నుంచే పట్టేస్తవు. మొక్కు ముందురోజు పుల్లకు దూది చుట్టి రెండు పూతలు వేసిన. నలభై ఏండ్లు, "రంగు పోదమ్మా, నాది పూచి" అని చెప్పి తువ్వాలలు అమ్మిన మనిషిని. రంగు నూలుకు పట్టాలంటె ఉడకబెట్టాలె. మొక్కు పుంజును ఉడకబెట్టలేను గద.

మా దిక్కు వేపకొమ్మతోటి రెండు చుక్కలు వీపు మీద చల్లుతరు. మీ ఊర్లె చెంబెడు నెత్తి మీదనే పోస్తరని నాకు తెల్వదు. ఆ నీళ్ళు ఎర్రగ కారుతుంటె అందరు అమ్మను చూసిండ్రు, నేను నా చేతి గోర్లను చూసుకున్న. అప్పుడే నోరు తెరవాలె. తెరవలే.

పుంజుకు ఏం చేసినా అది నా పాపం. కాని నా రంగును నమ్మి పరశురాములును ఇంట్ల ఉంచకు. భీవండి పంపు.

అన్న చంద్రమౌళి.


కథలాపూర్,
11-2-1989.

అన్నా,

నీ ఉత్తరం పరశురాములు, నేను కలిసి చదివి కడుపులు పట్టుకొని నవ్వినం. మొక్కు పుంజును ఉడకబెట్టలేను గద! వాడు జైలు నుంచి వచ్చినంక గంత నవ్వుడు ఇదే మొదలు. గా పుణ్యం నీదే.

కాని నన్ను గిట్ల మోసం చెయ్యలేవు. నా పెండ్లి నాడు పిలగానికి ఒక కన్ను గాజుదని చెప్పి పొద్దుమూకే దాక ఏడిపిచ్చినవు. అమ్మ సచ్చిపోయిన పదో రోజు గూడ ఏదో అని అందరిని నవ్విచ్చినవు. ఇప్పుడు వాన్ని భీవండి పంపియ్యాలని పోలీసాయనను, తడి సంచిని, పుల్లను, దూదిని అల్లినవు. నేతోనివి, కథ అల్లుట నీకు రాదా? నీల మొగనికి మగ్గం కాడ ఇంకో చెయ్యి కావాలె, గది నాకు తెల్వదా?

జుట్టు కొసలు నల్లగున్నయని నువ్వు చెప్పక ముందే మేం చూసినం. నీళ్ళు పోసిన తెల్లారి నుంచే కనవడుతున్నయి. అమ్మ మూడు వేళ్ళు పెట్టి పట్టిన జాగ అది అన్నడు లింగన్న తాత. నువ్వు గదే మాటను తిప్పి నీ కథల పెట్టినవు.

మొన్న ఎవలో ఇద్దరు షాపు కాడికి వచ్చి పరశురాములు పేరడిగి, వాడు టిఫిన్‌కు పోయిండని తెలిసి మళ్ళ వస్తమని పోయిండ్రట. ఇదివరకైతె వాన్ని ఆ పూటనే ఇంట్ల దాచేదాన్ని. ఇప్పుడు భయం కాలే.

వదినెను అడిగిన అని చెప్పు.

లసుమవ్వ.


తంగళ్ళపల్లి,
14-2-1989.

లసుమవ్వా,

నీకు భయం కాలే అని రాసినవు. అది చదివినంక నా చేతికి మగ్గం ఆడలే.

ఈ ఉత్తరంల నవ్వేది ఏం లేదు. వెతకకు.

దీంట్ల ఒక గుడ్డ ముక్క పెట్టిన. అదే రంగు అదే పుల్లతోటి పూసిన, ఉడకబెట్టలే. చెంబుల నీళ్ళు తీసుకొని దాని మీద పొయ్యి. కారిన నీళ్ళను ఒక తెల్ల బట్ట మీద పట్టు. ఆ బట్టను నీ చీర కొంగు పక్కన పెట్టి చూడు. ఎవలను పిలువకు, నువ్వొక్కదానివే చూడు.

ఇంక నమ్మకపోతె ఆదివారం నేనే వస్త. పోచమ్మ కాడ లింగన్న తాత ముందట, ఊరందరి ముందట నిలవడి చెప్త. తిట్టనీ, కొట్టనీ. ఆడోళ్ళు పసుపు పెట్టి మొక్కుతున్న పుంజుకు రంగు పూసినోడు వీడే అని జీవితాంతం చూపియ్యనీ. నా ఒళ్ళు ఓర్సుకుంటది. నువ్వు రగ్గు తేలేదని కుమిలినవు. నేను నీకు ధైర్యం అని చెప్పి ఉత్త రంగు ఇచ్చిన. ఆ రంగు నమ్మి వానికి ఏమన్న అయితె నీ మొకం ఎట్ల చూడాలె, నా మొకం నేను ఎట్ల చూసుకోవాలె?

చిన్నప్పటి సంది నిన్ను ఎన్నిసార్లు ఏడిపిచ్చి నవ్వినో, అన్నిటికి ఒక్కసారే తప్పైంది అంటున్న. పంపు వాన్ని.

చంద్రమౌళి.


కథలాపూర్,
22-2-1989.

అన్నకు లసుమవ్వ దండాలు.

నువ్వు ఆదివారం రాలేదు, మంచిగైంది. గురువారమే కార్డు రాసిన రావద్దని, ముట్టే ఉంటది. ఊర్లె చెప్పకు. చెప్పితె తిట్లు నీకు పడుతయి, నవ్వులు నా కొడుకుకు పడుతయి. ముందుగాల వాన్ని దూరం పోనియ్యి అనుకున్న.

గుడ్డ మీద నీళ్ళు పోసిన. నువ్వు చెప్పినట్టే, తలుపు పెట్టుకొని నేనొక్కదాన్నే. చీర పక్కన పెట్టి చూసిన. ఒకటే.

అన్నా, నువ్వు అన్ని నువ్వే చేసినట్టు రాసినవు. ఒకటి నీకు తెల్వదు. నెత్తురు ఎండితె నల్లబడుతది. మనం నేతోళ్ళ ఇంట్ల పుట్టినోళ్ళం, వేలు కోసుకోని రోజు లేదు, బట్ట మీద నెత్తురు ఎట్లుంటదో నాకు నేర్పాలె? మొక్కు అయిన మూడో రోజు గూడ నా కొంగు మీది మరక గులాబీ తీరుగ ఎర్రగనే ఉండె. చూసిన. చూసి, మరక లోపటికి పోయేటట్టు మడతబెట్టి పెట్టెల అడుగుకు పెట్టిన. నీ ఉత్తరం వచ్చిన రోజు వాని కంటె నేనే ఎక్కువ నవ్విన, వానికి అనుమానం రావద్దని. నవ్వి నవ్వి కండ్ల నీళ్ళు వచ్చినయి. కొడుకు ఇంట్ల ఉండాలె, అన్నం పెడితె తినాలె, నాకు గంతే కావాలె. దానికి అమ్మవారిని అడ్డం పెట్టుకున్న. నువ్వు పుంజుకు పూసినవు, నేను నాకు పూసుకున్న. ఇది ఎవలకూ చెప్పలే, నీకు గూడ చెప్పేదాన్ని కాదు. నువ్వు ఊరి ముందట నిలవడుత అని రాసినంక చెప్పకుంట ఉండలేకపోయిన.

వానికి అన్ని చెప్పిన. గుడ్డ ముక్కను చేతిల పట్టుకొని చూసిండు. అటెంక, "మామ నిజం రాసిండా? అయితె ఇగ పోవాల్సిందే" అన్నడు. వకీలును అడిగినం. కోర్టు తారీకులకు వచ్చి పోతె చాలట, పనికి పోయే ఊరు రాసిచ్చినం. నిన్న కోరుట్లల బొంబాయి బస్సు ఎక్కిచ్చిన. నీలకు చెప్పు, వానికి పచ్చిపులుసు అంటె ఇష్టం. చలికి ఆగడు, రగ్గు ఇచ్చిన.

బస్సు ఇడిచేదాక కిటికీ కింద నిలవడ్డ. ఏడ్వొద్దని నేను వాని మొకం చూడలే. నన్ను ఏడిపియ్యొద్దని వాడు నా మొకం చూడలే. ఇద్దరం ఆ టికెట్లు కొట్టే కండక్టరునే చూసినం. ఆయన ఏమనుకున్నడో, "ఏమైందమ్మా, నా అంగికి ఏమన్న అంటిందా?" అని అడిగిండు.

నీ చెల్లె
లసుమవ్వ.